వెనక్కి తిరిగే గంట



ఏటా మే నెలలోనో అక్టోబరులోనో వార్తల్లో ఈ మాట వింటూ ఉంటాం. ఫలానా శిఖరం మీద మంచు తుపానులో పర్వతారోహకులు చిక్కుకున్నారు, వాతావరణం అనుకూలించక సహాయక చర్యలకు ఆటంకం కలుగుతోంది, అని. అయ్యో పాపం అనుకుంటాం. వార్తలు ముందుకు సాగిపోతాయి. కానీ అసలు కథంతా ఆ రెండో ముక్కలోనే ఉంది. వరదలో ఊరు మునిగితే పడవ మునగని ఊరి నుంచి వస్తుంది. ఎత్తయిన కొండ మీద ఆ వెసులుబాటు లేదు. ఎక్కినవాళ్లను ఏ గాలి కదలనివ్వకుండా చేసిందో, కాపాడటానికి బయలుదేరినవాళ్లనూ అదే గాలి ఆపేస్తుంది. హెలికాప్టరు లేవదు. తాడు పట్టుకుని పైకి వచ్చే నాథుడు ఉండడు.

మరి అప్పుడు మనిషిని కాపాడేదేమిటి? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు 1996 మే నెలలో ఎవరెస్టు మీద జరిగిన సంగతులే గుర్తుకొస్తాయి. పోయినవాళ్లు ఎలా పోయారో, బతికినవాళ్లు ఎలా బతికారో దాదాపు గంటగంటకూ తెలిసిన ఘటన అది. ఎందుకంటే బతికి బయటపడ్డవాళ్లు చాలామంది తాము చూసింది రాశారు, చెప్పారు.

నేపాల్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కేవాళ్లకు ఆఖరి మజిలీ సౌత్ కోల్. ఎవరెస్టుకూ లోట్సే శిఖరానికీ నడుమ, సుమారు 7,900 మీటర్ల ఎత్తున, రాళ్లూ మంచూ తప్ప మరేమీ లేని బయలు. అక్కడ గుడారం వేసుకుని, అర్ధరాత్రి వేళ బయలుదేరి, మర్నాడు మధ్యాహ్నంలోగా శిఖరం అందుకుని, పొద్దుగూకేలోపు మళ్లీ గుడారంలో పడాలి. వీపున ఉన్న ఆక్సిజన్ సిలిండరు అంతసేపే వస్తుంది కాబట్టి ఆ లెక్క. అది ఖాళీ అయ్యేసరికి మనిషి కిందికి దిగి ఉండాలి. అందుకే నాయకులు ముందుగానే ఒక గడువు పెడతారు. మధ్యాహ్నం ఒంటిగంట, మహా అయితే రెండు. ఆ వేళకు శిఖరం చేరినా చేరకపోయినా, ఎదురుగా చేతికందేలా కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరగాల్సిందే.

మే 9వ తేదీ అర్ధరాత్రికి కాస్త ముందు సౌత్ కోల్ నుంచి ముప్పై మందికి పైగా బయలుదేరారు. న్యూజీలాండ్‌కు చెందిన రాబ్ హాల్ బృందం, అమెరికాకు చెందిన స్కాట్ ఫిషర్ బృందం, వీళ్లతోపాటు తైవాన్ నుంచి వచ్చిన మకాలు గావ్. హాల్ అప్పటికే నాలుగుసార్లు ఎవరెస్టు ఎక్కినవారు. ఆయన వెంట వచ్చినవాళ్లు తలా 65,000 డాలర్ల దాకా చెల్లించి వచ్చారు. దారిలో కట్టి ఉండాల్సిన తాళ్లు కొన్నిచోట్ల కట్టి లేవు. అవి కట్టేదాకా వెనకవాళ్లంతా వరసలో నిలబడ్డారు. అలా నిలబడటంలోనే గంటలు కరిగిపోయాయి. ఉదయం పదకొండున్నర ప్రాంతంలో హాల్ బృందంలోని ముగ్గురు లెక్క వేసుకున్నారు. ఈ నడకన పోతే గడువులోగా చేరలేం అని, కట్టిన సొమ్మంతా వదులుకుని కిందికి దిగిపోయారు. ఆ సాయంత్రం వాళ్లు గుడారంలో ఉన్నారు.

మిగిలినవాళ్లలో చాలామంది గడువు దాటాక కూడా పైకే నడిచారు. ఫిషర్ శిఖరం చేరేసరికి మూడు ముప్పావు కావస్తోంది. హాల్ బృందంలో డగ్ హాన్సెన్ అనే తపాలా ఉద్యోగి ఉన్నారు. అంతకుముందు ఏడాది ఆయన దక్షిణ శిఖరం దాకా వచ్చి, వేళ మించిపోయిందని హాల్ చెప్పగా వెనుదిరిగారు. రెండోసారి ఆ మాట చెప్పడానికి హాల్‌కు మనసు రాలేదో ఏమో, ఆయన కోసం శిఖరం మీదే ఆగిపోయారు. హాన్సెన్ పైకి చేరేసరికి నాలుగు దాటింది. కింద లోయల్లోంచి మబ్బులు అప్పటికే పైకి వస్తున్నాయి.

చీకటి పడేవేళకు తుపాను విరుచుకుపడింది. దిగి వస్తున్నవాళ్లలో పదకొండు మంది సౌత్ కోల్ దాకా అయితే వచ్చారు గానీ, మంచు పొడి కళ్లలో కొడుతుంటే గుడారాలు ఏ దిక్కునున్నాయో తెలియలేదు. తిరిగి తిరిగి, ఇక తూర్పున కాంగ్‌షుంగ్ వైపు అగాధం అంచుకు వచ్చేశామని గ్రహించి, అక్కడే ఒకరినొకరు కరుచుకుని కూర్చుండిపోయారు. నిద్రపోతే చలికి మళ్లీ లేవరని, ఒకరినొకరు కొట్టుకుంటూ, అరుచుకుంటూ గడిపారు. గుడారాలు కొన్ని వందల మీటర్ల దూరంలోనే ఉన్నాయి. ప్రపంచంలోని ఏ ప్రభుత్వమైనా, ఏ సైన్యమైనా ఆ కాసేపట్లో ఆ కొన్ని వందల మీటర్ల దూరం దాటి వాళ్లను చేరగలిగేది కాదు.

అర్ధరాత్రి వేళ మబ్బు కాస్త విడింది. నక్షత్రాలు కనబడ్డాయి. ఆ వెలుతురులో దిక్కు పోల్చుకుని, నడవగలిగినవాళ్లు గుడారాలకు వచ్చి పడ్డారు. అయిదుగురు అక్కడే మిగిలిపోయారు. ఆ సంగతి విని గుడారంలోంచి లేచిన మనిషి ఒక్కరే. ఫిషర్ బృందంలో గైడుగా పనిచేస్తున్న అనతోలీ బుక్రీవ్. కజకిస్తాన్ నుంచి వచ్చినవారు. ఆయన ఆ రోజు ఆక్సిజన్ లేకుండానే శిఖరం ఎక్కారు, అందరికంటే ముందు దిగి వచ్చేశారు. గైడు అయి ఉండి కస్టమర్ల కంటే ముందు ఎలా దిగారని తర్వాత ఆయన్ను తప్పుపట్టినవాళ్లున్నారు. కానీ ఆ రాత్రి వెతకడానికి లేచి నిలబడగల సత్తువ ఉన్నది ఆయనకే. చేతిలో దీపం, ఎవరికైనా పెట్టడానికి ఒక ఆక్సిజన్ సిలిండరు, తాగించడానికి వేడి టీ. మొదటిసారి వెళ్లి దారి దొరక్క తిరిగొచ్చారు. మళ్లీ వెళ్లారు. తెల్లవారేలోగా ముగ్గురిని ఒక్కొక్కరిగా నడిపించుకుంటూ, ఈడ్చుకుంటూ గుడారాలకు చేర్చారు.

మిగిలినవాళ్లు ఇద్దరు. జపాన్‌కు చెందిన యసుకో నంబా, వయసు 47. ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తయిన శిఖరాల్లో ఆఖరిది ఆ రోజే ఎక్కారు. రెండోవారు అమెరికా డాక్టరు బెక్ వెదర్స్. కంటికి అంతకుముందు చేయించుకున్న ఆపరేషన్ వల్ల, ఆ ఎత్తులో ఆయన చూపు మందగించింది. నేను వచ్చేదాకా ఇక్కడే ఉండమని హాల్ చెప్పిన మాటకు కట్టుబడి పగలంతా దారిలోనే నిలబడిపోయిన మనిషి. మర్నాడు ఉదయం, ముందురోజు పదకొండున్నరకే వెనుదిరిగిన ముగ్గురిలో ఒకరైన డాక్టరు స్టూవర్ట్ హచిసన్, కొందరు షెర్పాలతో కలిసి వాళ్లను వెతుక్కుంటూ వెళ్లారు. ముఖాల మీద పేరుకున్న మంచు పెచ్చులు ఊడదీసి చూశారు. ఇద్దరికీ ఊపిరి ఆడుతోంది, కానీ అంతే. వాళ్లను మోసుకెళ్లాలంటే గుడారాల్లో ఉన్నవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. డాక్టరై ఉండి, బతికున్న ఇద్దరిని అక్కడ వదిలి రావాల్సి వచ్చింది. పైన గుడారంలో దీని గురించి మాట్లాడుకుని అందరూ ఒప్పుకున్న నిర్ణయం అది. కింద కూర్చుని దాన్ని తప్పు అనడం తేలిక.

ఇంకా పైన, దక్షిణ శిఖరం దగ్గర, రాబ్ హాల్ ఒంటరిగా మిగిలారు. హాన్సెన్ పోయారు. వాళ్లకు సాయంగా పైకి వెళ్లిన గైడు ఆండీ హారిస్ ఆచూకీ లేదు. హాల్ చేతిలో రేడియో ఉంది. బేస్ క్యాంపులో ఉన్నవాళ్లు దాన్ని ఉపగ్రహ ఫోనుకు కలిపి, న్యూజీలాండ్‌లో ఉన్న ఆయన భార్యతో మాట్లాడించారు. ఆమె డాక్టరు, ఎవరెస్టు ఎక్కినవారు, అప్పుడు ఏడు నెలల గర్భిణి. ఆ చోట ఆ స్థితిలో ఉండటమంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. మాట భూగోళం ఆ చివరకు చేరింది. మనిషి మాత్రం వంద గజాలు కదల్లేకపోయారు. ఆయన కోసం ఆంగ్ దోర్జే, లక్పా ఛిరీ అనే ఇద్దరు షెర్పాలు మే 11 ఉదయం సౌత్ కోల్ నుంచి బయలుదేరారు. ముందురోజంతా కొండ మీద ఉండి, నిద్రలేక, అలసిపోయినవాళ్లే. అయిదారు గంటలు గాలికి ఎదురు నడిచారు. ఇంకా రెండు వందల మీటర్ల ఎత్తు ఉందనగా గాలి వాళ్లను ముందుకు కదలనివ్వలేదు. వెనుదిరిగారు. అదే రోజు మరికొందరు షెర్పాలు పైకి వెళ్లి, ఫిషర్, మకాలు గావ్ పడి ఉన్న చోటికి చేరారు. గావ్‌లో కదలిక ఉంది, తాగగలుగుతున్నారు. ఆయన్ను దించుకొచ్చారు. ఫిషర్‌ను దించే స్థితి లేదు.

మే 10 సాయంత్రం, అదే తుపానులో, కొండకు ఆవలి పక్క టిబెట్ వైపు మనవాళ్లూ ఉన్నారు. ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం వాళ్లు. శిఖరానికి బయలుదేరినవాళ్లలో ముగ్గురు వేళ మించిందని వెనక్కి తిరిగారు. త్సెవాంగ్ సమన్లా, త్సెవాంగ్ పల్జోర్, దోర్జే మోరుప్ పైకి వెళ్లారు. ముగ్గురూ తిరిగి రాలేదు. రెండు వైపులా కలిపి ఆ తుపానుకు బలైనవాళ్లు ఎనిమిది మంది.

ఇక బెక్ వెదర్స్. చనిపోయాడని ఇంటికి కబురు కూడా వెళ్లిన మనిషి, మే 11 మధ్యాహ్నం తనంతట తానే కళ్లు తెరిచి, లేచి, గాలికి ఎదురుగా నడిచి గుడారాల్లోకి వచ్చేశారు. కుడిచెయ్యి గ్లౌజు లేకుండా, గడ్డకట్టి, చాచింది చాచినట్టే ఉంది. మర్నాడు డేవిడ్ బ్రెషియర్స్, ఎడ్ వీస్టర్స్, పీట్ ఏథన్స్, టాడ్ బర్ల్సన్ వంటి ఆరోహకులు తమ శిఖరయాత్ర పక్కనపెట్టి ఆయన్ను కిందికి నడిపించారు. సినిమా తీయడానికి వచ్చిన బ్రెషియర్స్ బృందం తమ కోసం సౌత్ కోల్ మీద దాచుకున్న ఆక్సిజన్ సిలిండర్లు వాడుకోమని ముందే చెప్పేసింది. అవి లేకపోతే తమ యాత్ర సాగదని తెలిసే చెప్పింది.

కింద ఖుంబు మంచుపాతం ఉంది. ఇళ్లంత మంచు దిమ్మెలు, వాటి మధ్య అగాధాలు, వాటిమీద నిచ్చెనలు. చేతులు పనిచేయని మనిషిని అందులోంచి దించడం అయ్యే పని కాదు. టెక్సస్‌లో ఉన్న ఆయన భార్య ఫోన్ల మీద ఫోన్లు చేసి, అమెరికా రాయబార కార్యాలయాన్ని కదిలించారు. అంత ఎత్తుకు హెలికాప్టరు తీసుకురావడానికి ఒప్పుకున్నది నేపాల్ సైన్యానికి చెందిన లెఫ్టినెంట్ కల్నల్ మదన్ ఖత్రీ ఛెత్రీ.

ఎత్తులో హెలికాప్టరుకు వచ్చే కష్టమేమిటో ఇక్కడ చెప్పుకోవాలి. హెలికాప్టరును లేపేది దాని రెక్కలు కిందికి తోసే గాలి. 6,000 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో సగం కూడా ఉండదు. ఎవరెస్టు శిఖరం మీదైతే మూడో వంతే. రెక్కలకు తోయడానికి గాలి చాలదు, ఇంజనుకు మండించడానికి ఆక్సిజన్ చాలదు. ముందుకు ఎగిరేటప్పటి కంటే ఒకేచోట గాల్లో నిలిచేటప్పుడు ఇంకా ఎక్కువ శక్తి కావాలి. మనిషిని ఎక్కించుకోవాలంటే నిలవక తప్పదు. దీనికి తోడు శిఖరం మీదుగా జారిపడే గాలి ఒక్క పోటు కొడితే కొండకేసి కొట్టేస్తుంది. మబ్బు కమ్మితే నేలేదో ఆకాశమేదో తెలియదు. అందుకే పైలట్లు తెల్లవారుజామున గాలి లేచే ముందు వెళ్తారు, మోసుకెళ్లే ప్రతి కిలో లెక్కేసుకుంటారు.

మే 13 ఉదయం మంచుపాతానికి పైన, 6,000 మీటర్లు దాటిన చోట ఆరోహకులు ఎదురుచూస్తున్నారు. హెలికాప్టరు దిగడానికి గుర్తేదీ లేదు. ఎర్రటి శరబత్తు సీసా తీసి, మంచు మీద పెద్ద ఇంటూ గుర్తు పోశారు. గాలి ఎటు వీస్తోందో పైలటుకు తెలియడానికి వెదురు కర్రకు గుడ్డ కట్టి నిలబెట్టారు. ఛెత్రీ వచ్చారు. ఒకరినే తీసుకెళ్లగలనని వేలు చూపించారు. సరిగ్గా అదే సమయానికి షెర్పాలు మకాలు గావ్‌ను కూడా అక్కడికి దించుకొచ్చారు. గావ్ పాదాలు గడ్డకట్టి నిలబడలేకపోతున్నారు. వెదర్స్ తన వంతు ఆయనకిచ్చారు. హెలికాప్టరు మళ్లీ వస్తుందని నమ్మకమేమీ లేదు. అరగంట తర్వాత మళ్లీ వచ్చింది. వెదర్స్ కుడిచెయ్యి మోచేతి కింద నుంచి పోయింది, ఎడమచేతి వేళ్లు పోయాయి, ముక్కు పోయింది. మనిషి బతికారు.

మనం టీవీలో చూసే హెలికాప్టరు ఘట్టం ఇందులో ఎక్కడుందో గమనించండి. మే 10 రాత్రి తుపాను వస్తే, అది వచ్చింది మే 13న. అప్పటికి కొండ తన తీర్పు చెప్పేసింది. ఆ మధ్యలో పనిచేసినవి వేరు. పక్క గుడారంలో కాస్త సత్తువ మిగిలిన మనిషి. పక్క బృందం ఇచ్చిన సిలిండర్లు. జీతానికి వచ్చి, ఆ జీతానికి మించిన తెగువ చూపిన షెర్పాలు. వీటన్నిటికంటే ముందు, పొద్దున పదకొండున్నరకు ముగ్గురు మనుషులు వేసుకున్న ఒక లెక్క. వాళ్లను ఎవరూ రక్షించాల్సిన పని పడలేదు. పైగా వాళ్లలో ఒకరు మర్నాడు మరో ఇద్దరిని వెతకడానికి పనికొచ్చారు.

ఈ కథ మన తెలుగు నేలకు దూరమైంది కాదు. ఎవరెస్టు సౌత్ కోల్‌కు అంతకు పదకొండేళ్ల ముందే మన రక్తం తెలుసు. 1985 అక్టోబరులో భారత సైన్యం పంపిన బృందంలో అయిదుగురు చనిపోయారు. ఒకరు జారిపడగా, నలుగురు సౌత్ కోల్ మీద ఈదురుగాలుల్లో చిక్కుకుని దిగలేకపోయారు. ఆ నలుగురిలో లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు ఒకరు. విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకున్న యువకుడు. ఆ బడిలో ఆయన విగ్రహం చూసి పెరిగిన పిల్లల్లో నెల్లూరు జిల్లా సంగం ప్రాంతపు కుర్రాడు ఒకడున్నాడు. ఆ కుర్రాడే మల్లి మస్తాన్ బాబు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కిన మనిషి.

2015 మార్చిలో మస్తాన్ బాబు అర్జెంటీనా, చిలీ సరిహద్దున ఆండీస్ పర్వతాల్లో త్రెస్ క్రూసెస్ అనే కొండ మీద ఉన్నారు. మార్చి 24 తర్వాత ఆయన నుంచి కబురు లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ప్రాంతం మీద భారీ తుపాను వచ్చింది. ప్రపంచంలోకెల్లా పొడి నేలగా పేరున్న అటకామా ఎడారిలో ఊళ్లు వరదకు కొట్టుకుపోయాయి. కింద వాన, పైన మంచు. ఇటు తెలుగునాట స్నేహితులు, అటు భారత రాయబార కార్యాలయాలు రెండు దేశాల ప్రభుత్వాలనూ కదిలించాయి. వాతావరణం తెరిపి ఇచ్చాకే గాలింపు సాగింది. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన భౌతికకాయం కనిపించింది. ఆ నెల చివరికి సొంతూరు చేరింది. అంత అనుభవం, అంత ఓర్పు ఉన్న మనిషి. అయినా తుపానులో ఒంటరిగా ఉన్నప్పుడు, పక్క గుడారం లేనప్పుడు, అనుభవం ఒక్కటే ఎంతవరకు మోయగలదు?

అప్పటికీ ఇప్పటికీ కొన్ని మారాయి. 1953లో హంట్ నాయకత్వాన వచ్చిన బ్రిటిష్ బృందం ఎవరెస్టు ఎక్కుతున్నప్పుడు, వాళ్ల కోసం ఆకాశవాణి ప్రత్యేకంగా వాతావరణ సూచనలు ప్రసారం చేసేది. రుతుపవనాలు ఎంతవరకు వచ్చాయో గుడారంలో రేడియో చెవికి ఆనించుకుని వినేవాళ్లు. ఈరోజు శిఖరం ఎత్తున గాలి వేగమెంత ఉంటుందో కొన్ని రోజుల ముందే ఫోనుకు వస్తోంది. హెలికాప్టర్లూ మారాయి. 2005లో దిదియే దెల్సాల్ అనే ఫ్రెంచి పైలటు ఎవరెస్టు శిఖరం మీదే దిగారు. నేల మీద దిగకుండా పొడవాటి తాడు వేలాడదీసి మనిషిని ఎత్తే పద్ధతి హిమాలయాలకు వచ్చింది. 2010లో అన్నపూర్ణ మీద దాదాపు 6,900 మీటర్ల ఎత్తు నుంచి, 2013లో ఎవరెస్టు మీద 7,800 మీటర్ల ప్రాంతం నుంచి అలా దించగలిగారు. కానీ ఇవన్నీ ఆకాశం తేటగా ఉన్న వేళ జరిగినవి. తుపాను మధ్యలో ఎగిరే హెలికాప్టరును ఇంకా ఎవరూ తయారుచేయలేదు.

ఎవరెస్టే అవనక్కర్లేదు. 2024 జూన్ మొదట్లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో, కర్ణాటక నుంచి వచ్చిన ట్రెక్కింగ్ బృందం మంచు తుపానులో చిక్కుకుంది. అక్కడి ఎత్తు ఎవరెస్టులో సగమే. తొమ్మిది మంది చనిపోయారు. మిగిలినవాళ్లను వైమానిక దళం హెలికాప్టర్లు, నేల మీది సహాయక బృందాలు కిందికి చేర్చాయి.

2014లో మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కాక మన రెండు రాష్ట్రాల్లో కొండలెక్కే కోరిక ఊళ్లలోకి కూడా పాకింది. భువనగిరి గుట్ట మీద పాఠాలు నేర్చుకున్న పిల్లలు హిమాలయాల దాకా వెళ్తున్నారు. సంతోషించాల్సిందే. వెళ్లే ముందు, కొండలెక్కించే కంపెనీవాళ్లను మన పిల్లలు, వాళ్లను పంపే మనం అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వెనక్కి తిరిగే గంట ఏది? ఆ గంట కొట్టాక ఆగుదామనే మాట ఎవరు చెబుతారు? ఆ మాట చెప్పినవాడి మీద డబ్బు కట్టినవాళ్లు గొడవ పెట్టుకుంటే ఎవరి మాట చెల్లుతుంది? అదనపు సిలిండర్లు, రేడియో సెట్లు ఎన్ని? షెర్పాలకు, గైడ్లకు, కూలీలకు బీమా ఎంత? వీటికి నీళ్లు నమిలేవాళ్లతో వెళ్లకండి.

ఇంకొకటి మన పనే. శిఖరం చూడకుండా తిరిగొచ్చిన పిల్లను స్టేషనులో దండతో ఎదుర్కోవడం మనకింకా అలవాటు కాలేదు. శిఖరం మీద జెండా ఫోటో ఉంటేనే ఫ్లెక్సీ కడతాం, పేపర్లో వేస్తాం, బహుమానం ప్రకటిస్తాం. ఆ పిల్ల మధ్యాహ్నం రెండు గంటలకు, శిఖరానికి వంద మీటర్ల కింద నిలబడి నిర్ణయం తీసుకునేటప్పుడు, ఆ ఫ్లెక్సీ కూడా ఆమె వీపున బరువే. బతికుంటే బలుసాకు తినొచ్చన్నారు మన పెద్దలు. ఆ మాట బయలుదేరే రోజునే పిల్లలకు చెప్పి పంపుదాం. తిరిగొచ్చాక, ఎక్కడి దాకా ఎక్కావని అడిగే ముందు, ఎక్కడ వెనక్కి తిరిగావు, ఎందుకు తిరిగావు అని అడిగి, శ్రద్ధగా విందాం.